విల్ఫ్ పట్టిన ఉడత

విల్ఫ్ ఆస్పినాల్ ముప్పై ఎనిమిదేళ్ళు పదకొండో నంబరు బస్సు నడిపాడు. మార్కెట్ దగ్గర బయల్దేరి, మూతబడ్డ నూలు మిల్లు పక్కగా, ఆసుపత్రి మీదుగా కొండ ఎక్కి, చర్చి దగ్గర తిరుగుముఖం పట్టే బస్సు అది. అన్నేళ్ళలో అతను స్టాపు కాని చోట బ్రేకు వేసింది లేదు. ఏ ముసలమ్మయినా తన గుమ్మం ముందు దించమని బతిమాలితే, స్టాపుదాకా తీసుకెళ్ళి, తనూ దిగి, చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించి వచ్చేవాడే గానీ మధ్యలో మాత్రం ఆపేవాడు కాదు. అతను తిరిగొచ్చేదాకా బస్సులో వాళ్ళు గడియారాలు చూసుకుంటూ కూర్చునేవారు. ఇలాంటి మనిషి గురించి ఎవరూ చెప్పుకోరు, చెప్పుకోవడానికి ఏమీ దొరకదు. అలాంటివాడు డెబ్బై నాలుగో ఏట, నవంబరు నెలలో, పోలీసులకు లొంగిపోదామని కోటు తొడుక్కునేదాకా వచ్చాడంటే దానికి కారణం ఒక ఉడత.

ఆ చలిదేశపు ఉడతను చూసి మనం ముచ్చటపడడానికేమీ లేదు. పిల్లికూనంత ఉంటుంది, బూడిదరంగు, వీపు మీద ఏ దేవుడూ నిమిరిన గుర్తు లేదు. అది చేసే పనులకు నిమరాలని కూడా ఎవరికీ అనిపించదు.

విల్ఫ్ ఇల్లు ఊళ్ళో రాతిగోడల వరస ఇళ్ళలో చిట్టచివరిది. ముందు రెండు మంచాలు వాల్చినంత తోట. ఆ తోట అతని భార్య బెరిల్‌ది. నలభై ఆరేళ్ళుగా ఆవిడ ఆ మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని పని చేస్తే, అతను గుమ్మంలో నిలబడి టీ అందించాడు. చలికాలం ముందు ఆవిడ దుంపలు పాతేది, చలి విరిగాక తులిప్ పూలు లేచేవి. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతుందో విల్ఫ్ ఎన్నడూ అడగలేదు. బస్సు ఇంజను సంగతి కూడా అతను ఎప్పుడూ అడగలేదు. అది మెకానిక్కుల పని.

ఆగస్టులో బెరిల్ కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. కొత్త చిప్ప వేశారు. కసరత్తు నేర్పడానికి వచ్చిన అమ్మాయి అక్టోబరులో చెప్పింది, ఇక మోకాళ్ళ మీద కూర్చోవచ్చు, మొదట్లో మంటగా ఉంటుంది, అపాయమేమీ లేదు అని. బెరిల్ బుద్ధిగా తల ఊపింది. ఆ అమ్మాయి వీధి మలుపు తిరిగాక విల్ఫ్‌తో అంది.

"ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్ళు. దాని మోకాళ్ళు పుట్టుకతో వచ్చినవి. నాకు చెప్పొచ్చింది."

"ఒకసారి ప్రయత్నించి చూస్తే?"

"వంగి లేవలేకపోతే? ఆ మట్టిలో కూలబడి, పాలవాడు వచ్చి లేవదీసేదాకా ఎదురుచూడమంటావా? ఇక నేను నేలకు వంగేది లేదు విల్ఫ్. ఆ మాట మళ్ళీ ఎత్తకు."

మర్నాడు పొయ్యి పైనున్న గూట్లో ఒక పుస్తకం ప్రత్యక్షమైంది. నున్నటి దళసరి కాగితం, రంగురంగుల బొమ్మలు. బస్‌స్టాండు దగ్గర కట్టిన కొత్త ఫ్లాట్లు. మూడో అంతస్తు, లిఫ్టు, ఒక కుండీ పట్టే బాల్కనీ. విల్ఫ్ దాన్ని ఆ మూల నుంచి ఈ మూలకు చదివాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అయినా దాన్ని గూట్లో బోర్లించి పెట్టాడు. తోట తనది కాదు, మట్టి తనెప్పుడూ ముట్టలేదు, మరి తనకెందుకు ఇంత బాధగా ఉందో అతనికి తలా తోకా తెలియలేదు.

"తోట నేను చేస్తాను," అన్నాడు ఆ సాయంత్రం.

బెరిల్ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వా? కొత్తిమీర అనుకుని కలుపు మొక్క తెచ్చి సూపులో వేశావు."

"అది ఒకసారి."

"ఒకసారే వంట చేశావు గనక." ఆవిడ గొంతు మార్చింది. "సరే విను. ఆపరేషన్‌కి ముందు అలవాటు కొద్దీ రెండు వందల తులిప్ దుంపలకి రాసి పంపాను. పెట్టె వచ్చి పడి ఉంది. నువ్వే పాతు. ఎండలొచ్చేసరికి అవి పూస్తే ఇక్కడే ఉందాం. లేకపోతే ఆ ఫ్లాట్ కాగితాల మీద సంతకం పెడదాం. పొద్దస్తమానం కిటికీలోంచి బీడు చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు."

ఆ విధంగా ఇల్లంతా రెండు వందల దుంపల మీదికి వచ్చి నిలబడింది.

విల్ఫ్ మూడు రోజులు పాతాడు. కిటికీ అద్దం వెనక కుర్చీలో కూర్చుని బెరిల్ కర్రతో అద్దం మీద కొడుతూనే ఉంది. చలికి బిగించిన కిటికీ, ఒక్క ముక్కా వినపడలేదు. పర్యవేక్షణ బాగుందనుకుని అతను ప్రతిసారీ చెయ్యి ఊపాడు. నాలుగో ఉదయం తలుపు తీసేసరికి తోట నిండా గుంటలు. గుంటల పక్కన దుంపల పొట్టు, ఎవరో ఉల్లిపాయలు వలిచి పోసినట్టు. గేటు స్తంభం మీద ఉడత కూర్చుని ఒక దుంపను రెండు చేతుల్తో పట్టుకుని తాపీగా కొరుకుతోంది. విల్ఫ్ దాన్ని చూశాడు. అది విల్ఫ్‌ని చూసింది. నమలడం మాత్రం ఆపలేదు.

"ముప్పై ఒకటి పోయాయి," అని లోపలికొచ్చి చెప్పాడు.

"పాతినప్పుడు రాలిన పొట్టు ఏరేశావా?"

"ఏరాలా?"

"పైనే వదిలేశావూ? భోజనానికి రమ్మని చీటీ పంపినట్టే దానికి," అంది బెరిల్. "కారం చల్లు."

కారం చల్లాడు. గాలి తిరిగింది. పావుగంటసేపు కుళాయి కింద కళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు. మర్నాడు ఇంకో పద్దెనిమిది పోయాయి. మంగలి దగ్గర వెంట్రుకలు తెచ్చి పరిస్తే మనిషి వాసనకు రాదని ఎవరో చెప్పారు, ఒక సంచీడు తెచ్చి పరిచాడు. వాన పడి అవన్నీ ముద్దయ్యాయి. ఎదురింటావిడ వచ్చి, ఏ కుక్కకైనా ఏమైనా అయిందా అని జాలిగా అడిగి వెళ్ళింది. ఉడత ఆ ముద్దల మధ్య కూర్చునే తవ్వుకుంది. కోళ్ళ దడికి కట్టే ఇనుప వల పరిస్తే, అంచు దగ్గర దూరి లోపలినుంచి పని కానిచ్చింది. పక్కనే బెరిల్ ఎప్పుడో పాతిన పసుపు పూల దుంపలు వేరే రకానివి ఉన్నాయి, వాటి జోలికి మాత్రం పోలేదు. తనకు ఒక దుంపకూ ఇంకో దుంపకూ తేడా తెలియదు, తోకూపుకుంటూ తిరిగే జంతువుకు ఎలా తెలిసిందని విల్ఫ్ గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆలోచించాడు. టీ చల్లారిపోయింది.

నూరు లోపుకు దిగాయి. అప్పుడు కెన్ బోను పట్టుకొచ్చాడు.

కెన్ ఊట్రమ్ రెండిళ్ళ అవతల ఉంటాడు, పదకొండేళ్ళుగా తన తోటలో ఉడతల బోను పెట్టుకుని. చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. కెన్‌కు తెలియని సంగతి లేదు, ఏ సంగతీ సగం కంటే ఎక్కువ చెప్పడు.

"ఇందులో వేరుశనగ ముద్ద పెట్టు. అది లోపలికి వెళ్ళి పళ్ళెం తొక్కుతుంది. తలుపు టక్కున పడుతుంది. ఇంతే."

"దెబ్బ తగలదుగా?"

"దుప్పటి కప్పి పడుకోబెట్టినట్టుంటుందిరా."

మర్నాడు తొమ్మిదింటికల్లా ఉడత బోనులో ఉంది. ముందు ఎగిరింది, కమ్మీలు కొరికింది, తర్వాత ఒక మూల ముడుచుకుని వణికింది. విల్ఫ్ అనుకున్నంత సంతోషం అతనికి కలగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఎవరినీ బలవంతంగా బస్సెక్కించని మనిషి. వంటింటి తువాలు తెచ్చి బోను మీద కప్పాడు. చలేస్తుందేమోనని ఒక బిస్కెట్టు కూడా తోశాడు. చలికీ బిస్కెట్టుకీ ఏం సంబంధమో అడిగితే చెప్పలేడు.

"పట్టావా?" అంది బెరిల్ కుర్చీలోంచి.

"పట్టాను. కొండ మీద అడవిలో వదిలేసి వస్తా."

అప్పుడే లోపలికొచ్చిన కెన్ ఈ మాట విని గుమ్మంలోనే ఆగిపోయాడు. "వదలకూడదురా. నేరం."

"ఏమిటి నేరం?"

"బూడిద ఉడతని వదలడం. బయటి దేశం నుంచి వచ్చి మన ఎర్ర ఉడతల్ని లేకుండా చేసిన జాతి ఇది. ఒకసారి బోనులో పడిందా, తిరిగి వదలకూడదు. అడవిలో కాదు, నీ తోటలో కూడా కాదు. చట్టం."

"అయితే ఉంచుకుంటా. షెడ్డులో."

"అనుమతి కాగితం లేకుండా ఉంచుకున్నా నేరమే."

విల్ఫ్ ఒకసారి బోను వైపు, ఒకసారి కెన్ వైపు చూశాడు. "వదలకూడదు, ఉంచుకోకూడదు. మరి?"

కెన్ టోపీ తీసి దాని లోపలి అస్తరు పరిశీలించాడు. "మరి... అదే. నొప్పి తెలియకుండా. అది కూడా చట్టమే."

"నిన్న చెప్పావు కాదేం?"

"నువ్వు అడిగావా?"

కెన్ వెళ్ళిపోయాడు. బోనులో బిస్కెట్టు కొరుకుతున్న చప్పుడు. బెరిల్ కిటికీ వైపు తిరిగింది. ఊళ్ళోని చిన్న చర్చిలో ఇరవై ఏళ్ళు పిల్లలకు ఆదివారం పాఠాలు చెప్పిన మనిషి, ఎర్రదీపం వెలిగితే ఖాళీ రోడ్డు కూడా దాటదు. చట్టం అన్నాక ఆవిడ మాట్లాడదని విల్ఫ్‌కు తెలుసు. పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు. తీసుకురండి, నిమిషం పని అన్నారు.

బోనును కారు ముందు సీట్లో పెట్టి బెల్టు బిగించాడు. తువాలు జారకుండా సర్దాడు. డాక్టరు ఉండేది పదకొండో నంబరు దారిలోనే, మిల్లు స్టాపుకూ ఆసుపత్రి స్టాపుకూ మధ్యన. విల్ఫ్ మార్కెట్ దగ్గర వేగం తగ్గించాడు, అలవాటు. మిల్లు దగ్గర తగ్గించాడు. డాక్టరు బోర్డు కనపడింది, వచ్చింది, వెళ్ళిపోయింది. అతని కాలు బ్రేకు మీదికి వెళ్ళనే లేదు. ఆసుపత్రి స్టాపు దగ్గర మాత్రం బుద్ధిగా ఆగాడు. కొండ ఎక్కి చర్చి దగ్గర తిరిగాడు, వెనక్కి వచ్చాడు. మళ్ళీ బోర్డు, మళ్ళీ దాటేశాడు. మార్కెట్‌లో చుట్టు తిప్పి మరోసారి ఎక్కాడు. పక్కన ఉడత తువాలు అంచు పైకి లేపి, కిటికీలోంచి ఊరు చూస్తోంది.

చర్చి దగ్గర ఇంజను ఆపి, ఏమనుకున్నాడో ఏమో, "చివరి స్టాపు. దిగేవాళ్ళు దిగండి," అన్నాడు.

అన్నాక గుర్తొచ్చింది, దింపడానికి లేదని. జేబులోంచి రుమాలు తీశాడు. ఒక ఎలుక జాతి జంతువు కోసం, అందులోనూ తన కొంప కూలుస్తున్న జంతువు కోసం కళ్ళు తుడుచుకోవడం ఏమిటని తనను తాను తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చి బోనును పెరటి షెడ్డులో నేల మీద పెట్టాడు. పైకప్పు కారి ఆ మట్టినేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

"డాక్టరు ఉన్నాడా?" అంది బెరిల్.

"ఉన్నాడు."

"మరి?"

"అక్కడ స్టాపు లేదు," అన్నాడు విల్ఫ్.

బెరిల్ అతన్ని చాలాసేపు చూసింది. నవ్వుతుందో కోప్పడుతుందో అతనికి తెలియలేదు. ఆవిడ రెండూ చెయ్యకుండా సూపు గిన్నె జరిపింది.

భోజనం అయ్యాక ఆ పనేదో కెన్ చేతే చేయిద్దామని వెళ్ళాడు. కెన్ టీ పోశాడు. ఫుట్‌బాల్ గురించి మాట్లాడాడు. పైకప్పు గురించి మాట్లాడాడు. ఇంకో టీ పోశాడు.

"ఒరేయ్, నువ్వు పదకొండేళ్ళుగా ఉడతల్ని పడుతున్నావుగా. నువ్వే కానివ్వు," అన్నాడు విల్ఫ్ చివరికి.

కెన్ కప్పులోకి చూస్తూ అన్నాడు. "ఆ బోనులో ఇంతవరకు ఏదీ పడలేదురా."

"పదకొండేళ్ళలో?"

"ఎర పెడితేగా పడేది. పడితే ఏం చెయ్యాలో నాకు తెలుసు కదా, అందుకని పెట్టలేదు. మా ఆవిడ మాత్రం నేను ఏదో చేస్తున్నానని తృప్తిగా ఉంది."

విల్ఫ్ రెండో టీ అలాగే వదిలేసి లేచాడు. మూడింటికి పెరటి దారిన ఇంటికొచ్చి షెడ్డు తలుపు తీశాడు. బోను తలుపు పైకెత్తి ఉంది. లోపల బిస్కెట్టు పొడి తప్ప ఏమీ లేదు.

ముందు హమ్మయ్య అనుకున్నాడు. ఆ వెంటనే వంగి గడియ చూశాడు. ఉడత బయట ఉందంటే ఎవరో వదిలినట్టే. ఎవరు? ఆ బోను గడియ రెండు బొటనవేళ్ళతో ఒకేసారి నొక్కితే గానీ రాదు, అదీ నేల దగ్గర, వెనకవైపు. ఉడతకు చేతకాదు. గాలికి రాదు. కెన్ తన ఎదురుగానే టీ పోస్తున్నాడు. బెరిల్ నేలకు వంగదు. అంటే తనే. పొద్దున దించేటప్పుడు తనే సరిగ్గా వెయ్యలేదు. వేసినట్టు గుర్తుంది, కానీ ఆ రోజు తనకు ఏది గుర్తుండి ఏడ్చింది గనక. బోను ముందు తడిమట్టిలో చిప్పల్లాంటి రెండు గుంటలు పక్కపక్కన ఉన్నాయి. ఉడత షెడ్డులో కూడా తవ్విందా అని వాటివైపు అయోమయంగా చూసి, తలుపు వేసి లోపలికి నడిచాడు.

బెరిల్ కుర్చీలో ఉంది. గది వెచ్చగానే ఉన్నా కాళ్ళ మీద దుప్పటి కప్పుకుంది. ముఖం ఎర్రబడి ఉంది.

"ఉడత పోయింది," అన్నాడు.

"ఓహో."

"గడియ నేనే సరిగ్గా వెయ్యలేదు. అంటే వదిలింది నేనే అవుతుంది." అతను గూటి దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు వెతికాడు. ఫ్లాట్ల పుస్తకం పక్కన దొరికింది. "స్టేషన్‌కి వెళ్ళి చెప్పేస్తాను. వాళ్ళంతట వాళ్ళు రావడం కంటే మనమే వెళ్ళడం మర్యాద."

"విల్ఫ్, వాళ్ళకి వేరే పనులుంటాయి."

"ఉండనీ. నేరం నేరమే. నువ్వే అంటావుగా." కోటు తొడుక్కున్నాడు. ఒక చెయ్యి తిన్నగానే దూరింది, రెండోది అస్తరులో ఇరుక్కుంది. దాంతో కుస్తీ పడుతూ అన్నాడు. "ఇక ఆ మిగిలిన దుంపలు కూడా అది వదలదు. నేను తోట నిలబెట్టలేకపోయాను బెరిల్. ఆ కాగితాలు ఎక్కడ సంతకం చెయ్యాలో సాయంత్రం చూపించు. నాకు మూడో అంతస్తు అలవాటవుతుందిలే."

"ఆగు."

అతను ఆగాడు. బెరిల్ దుప్పటి పక్కకు తీసింది. లేతరంగు ప్యాంటు మీద, రెండు మోకాళ్ళ దగ్గరా, అరచేతుల్లా గుండ్రంగా రెండు బురద మరకలు.

"ఎవరినైనా పట్టుకెళ్ళాలంటే నన్ను పట్టుకెళ్ళమను," అంది.

విల్ఫ్ ఆ మరకలవైపు చూశాడు. ఆవిడ ముఖం చూశాడు. మళ్ళీ మరకలు చూశాడు. చెయ్యి ఇంకా అస్తరులోనే ఉంది.

"నువ్వు వంగావా?"

"కర్ర వేసుకుని ఊరికే చూద్దామనే వెళ్ళాను. అది కమ్మీలు పట్టుకుని కూర్చుంది. మూడు నెలలు నేనూ ఆ కిటికీ దగ్గర అలాగే కూర్చున్నాను విల్ఫ్. చూడలేకపోయాను. గడియేమో అంత కిందుగా ఉంది." బెరిల్ మోకాలి మీది మరకను బొటనవేలితో రుద్దింది. "వంగేటప్పుడు మోకాలి సంగతే గుర్తు రాలేదు. లేచేటప్పుడు గుర్తొచ్చింది. గడ్డి కోసే మిషను పట్టుకుని లేచేసరికి పావుగంట పట్టింది."

"నన్ను పిలవకపోయావా?"

"పిలిస్తే నేరం బయటపడదూ?"

"నొప్పెట్టిందా?"

"మండింది. ఆ పిల్ల చెప్పినట్టే." ఆవిడ ముక్కు తుడుచుకుని కళ్ళు ఎత్తింది. "ఆ దుంపలు ఎంత లోతు పాతావు నువ్వు?"

విల్ఫ్ బయట ఉన్న చేతిని ఎత్తి నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి చూపించాడు. "తక్కువ లోతయితే త్వరగా బయటికొస్తాయి కదా. ప్రయాణం కలిసొస్తుందని."

"ప్రయాణం," అంది బెరిల్. కళ్ళు మూసుకుని తెరిచింది. "జానెడు లోతు పాతాలి నాయనా. మూడు రోజులు అద్దం పగిలేలా కొట్టాను కదా. నువ్వేమో రాణీగారిలా చెయ్యి ఊపావు. పాపం ఆ ఉడతని అనవసరంగా తిట్టాం. ఎన్ని మిగిలాయి?"

"ఎనభై ఆరు."

"ఇంకో గంట వెలుతురుంటుంది. ఆ చెయ్యి ముందు బయటికి తియ్యి. నన్ను పట్టుకో."

గుమ్మం దాటి తోటలోకి దిగడానికే చాలాసేపు పట్టింది. మట్టి అంచున బెరిల్ ఆగి, కిందికి చూసి, అతని ముంజేతిని గట్టిగా పట్టుకుంది. ఆ పట్టుకు అతని చెయ్యి నొచ్చింది. ఆవిడ భయపడుతోందని ఆ పట్టును బట్టి తెలిసింది. నలభై ఆరేళ్ళలో ఆవిడ భయపడగా అతను చూడలేదు. ఎదురుగా గేటు స్తంభం మీద ఉడత వచ్చి కూర్చుంది, ఆలస్యమయినందుకు కాస్త విసుగ్గా.

"మోకాళ్ళ కింద వేసుకోడానికి ఏదైనా పట్రా. మెత్తగా ఉండాలి, తడి పీల్చకూడదు," అంది బెరిల్.

విల్ఫ్ ఆవిడ చేతిని కంచె మీద పెట్టి, లోపలికి వెళ్ళి, గదంతా కలయచూశాడు. గూట్లో ఉన్నది తీసుకుని వచ్చి మట్టి మీద పరిచాడు. నున్నటి దళసరి కాగితం, రంగురంగుల బొమ్మలు, లిఫ్టు, బాల్కనీ.

బెరిల్ దాన్ని చూసింది. అతన్ని చూసింది.

"పల్చగా ఉంది," అంది. "రెండు మడతలు పెట్టు."